తాతగారి అడ్తి దుకాణం కాగితాలు: తూకానికి వేయొద్దు, ల్యామినేషన్ వద్దు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీ తాతగారు వరంగల్ పాత గ్రెయిన్ మార్కెట్ దగ్గర అడ్తి దుకాణం, అంటే రైతు తెచ్చిన సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం నడిపారు. గిర్మాజీపేటలోని పాత ఇల్లు వచ్చే నెల కూలగొడుతున్నారు. అటక మీద రెండు ట్రంకు పెట్టెలు దొరికాయి. ఒకదాన్నిండా ఎర్రగుడ్డ అట్టల లెక్కల పుస్తకాలు, తీగకు గుచ్చిన చీటీలు. రెండోదాంట్లో ఉర్దూ స్టాంపు కాగితాలు, ఉత్తరాలు, పెళ్ళిపత్రికలు, ఫోటోలు, కొన్ని కరపత్రాలు. మీ చిన్నాయన పాత పేపర్ల బండికి తూకానికి వేద్దామంటున్నారు. మీ అన్నయ్య ముఖ్యమైనవి నాలుగు తీసి ల్యామినేషన్ చేయించి, మిగతావి పారేద్దామంటున్నారు. ఏది ముఖ్యమో తెలియక మీరు టెన్షన్ పడుతున్నారు. పాత రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్స్ వాళ్ళు ఇలాంటివి తీసుకుంటారా అని కూడా అడిగారు.

తీసుకుంటారు. అయితే ఎవరికి ఇవ్వాలన్నది ఆఖరున తేలే సంగతి. అంతకుముందు చేయాల్సినవి ఉన్నాయి, చేయకూడనివి ఇంకా ఎక్కువ ఉన్నాయి. నేను చాలా ఏళ్ళు రికార్డు గదుల్లో పనిచేసినవాణ్ణి. వరంగల్, కరీంనగర్ వైపు ఎన్నో ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు తెరిచి చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇలాంటి పెట్టె దొరకగానే ఇంట్లోవాళ్ళు వెతికేది పెద్దవాళ్ళ సంతకాలు. కాళోజీ రాసిన కార్డుముక్క ఉందా, పి.వి. గారి ఉత్తరం ఉందా, నిజాం మొహర్ (ముద్ర) ఉన్న ఫర్మానా, అంటే రాజాజ్ఞ, ఉందా అని. దొరికితే మంచిదే. కానీ మీ రెండు పెట్టెల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపిస్తున్నవి మీ చిన్నాయన తూకానికి వేద్దామంటున్న ఆ లెక్కల పుస్తకాలే. పెద్దవాళ్ళ ఉత్తరాలకు నకళ్ళుంటాయి, అచ్చయిన సంపుటాలుంటాయి, వాటికోసం వెతికేవాళ్ళూ ఉంటారు. ఒక అడ్తిదారు పాతికేళ్ళు వరసగా రాసుకున్న చిట్టా, రోకడి (రోజువారీ నగదు లెక్క), ఖాతా పుస్తకాలకు ఇంకో ప్రతి ఎక్కడా ఉండదు.

వాటిలో ఏముంటుందో ఒక పేజీ తెరిచి చూడండి. ఏ ఊరి రైతు, ఎన్ని బస్తాలు, ఏ సరుకు, తూకం ఎంత, ధర ఎంత అని ఒక వరస. ఆ మొత్తంలోంచి హమాలీ ఎంత, దడవాయికి (తూకం వేసే మనిషికి) ఎంత, ధర్మం పేరుతో ఎంత, అడ్తి ఎంత కోశారు అని ఇంకో వరస. అంతకుముందు విత్తనాలకో పెళ్ళికో తీసుకున్న బాకీ కింద ఎంత జమ పట్టారు, చివరికి రైతు చేతికి ఎంత ముట్టింది అని మూడో వరస. సర్కారు రిపోర్టుల్లో జిల్లా మొత్తానికి సగటు ధర దొరుకుతుంది. పర్కాల నుంచో నర్సంపేట నుంచో బండి కట్టుకుని రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి ఆ రోజు ఎంతతో ఇంటికి పోయాడన్నది మాత్రం ఇలాంటి ఖాతాలోనే ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం కాలంలో ధరలు ఎట్లా ఎగిశాయో, ఏ నెలలో సరుకు అసలు రాలేదో, ఏ ఏడు బాకీలు పేరుకుపోయాయో పేజీలు తిప్పుతుంటేనే తెలిసిపోతుంది.

ఇంకో కారణం ఉంది. మన దగ్గర అప్పుల కాగితాలు మిగలడమే అరుదు. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో దొరల గడీల మీద పడ్డ జనం మొదట తగలబెట్టింది అప్పు పత్రాలనే. నాగు పేరుతో గింజలు అప్పిచ్చి, పంటకు ఒకటికి ఒకటిన్నర వసూలు చేసిన లెక్కలవి. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, అందులో నాకు సందేహం లేదు. ఆ మంటల్లో అణచివేతకు సాక్ష్యం కూడా కాలిపోయిందన్నది కూడా నిజమే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య ముందూ తర్వాతా భయంతో ఇళ్ళవాళ్ళు కాల్చుకున్నవి, పాతిపెట్టినవి వేరే. తర్వాత పాత ఇళ్ళు కూలగొట్టేటప్పుడు మట్టిలో కలిసినవి ఇంకా ఎక్కువ. కాబట్టి పట్నంలో ఒక మామూలు వ్యాపారి ఇంట్లో పుస్తకాలు వరస తప్పకుండా మిగిలాయంటే చిన్న విషయం కాదు.

వ్యాపారం కాగితాలంటే ఖాతాలొక్కటే కాదు. రైల్వే రసీదులు చూడండి. కాజీపేట నుంచి బల్లార్షా లైను 1929లో పూర్తయింది, దాంతో ఢిల్లీ, మద్రాసులకు మన మీదుగా నేరుగా దారి పడింది. మీ తాతగారి సరుకు ఏ స్టేషనుకు పోయేదో, ఎవరి పేరుమీద పోయేదో ఆ రసీదుల్లో ఉంటుంది. హుండీలు, అంటే డబ్బు చెల్లించమని వ్యాపారులు ఒకరికొకరు రాసుకున్న చీటీలు, ఉంటే బొంబాయి, హైదరాబాద్ సాహుకార్లతో ఉన్న లావాదేవీలు తెలుస్తాయి. బిల్లుల మీద అచ్చువేసిన బొమ్మలు, దుకాణం పేర్లు, ప్రెస్సు పేరు కూడా పనికొచ్చేవే. ఇది చదివే మిగతావాళ్ళకూ ఒక మాట. మీ ఇంట్లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు జీతం చీటీలున్నా, కొత్తవాడ జంపఖానాల ఆర్డరు పుస్తకాలున్నా, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలిన చీటీలున్నా, సింగరేణి బావి హాజరు కార్డులున్నా, అవి కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఆజంజాహీ మిల్లు ఇప్పుడు లేదు. అందులో పనిచేసిన మనిషికి ఏ ఏడు ఎంత జీతం వచ్చిందన్నది ఇప్పుడు దొరికేది ఎక్కువగా కార్మికుల ఇళ్ళలోని బీరువాల్లోనే.

ఇక అసలు పని. దయచేసి కట్టలు విప్పకండి. అందరూ చేసేది ఏమిటంటే, నేలమీద చాప పరిచి, ఉత్తరాలన్నీ ఒకవైపు, రసీదులన్నీ ఒకవైపు, ఉర్దూవి ఒకవైపు పేర్చేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మీ తాతగారు ఏ రసీదును ఏ ఉత్తరంతో కలిపి కట్టారో ఆ సంగతి అక్కడితో పోతుంది. ఒక బాకీ పత్రం, దాని వెనక వచ్చిన వకీలు నోటీసు, దానికి జవాబు, చివరకు రాజీ పడ్డ చీటీ, ఇవన్నీ ఒకే దారంతో కట్టి ఉంటే అది ఒక కథ. విడదీస్తే నాలుగు చిత్తుకాగితాలు. తీగకు గుచ్చిన చీటీలు కూడా అంతే. కింద ఉన్నది ముందు వచ్చింది, పైన ఉన్నది తర్వాత వచ్చింది. చాలా చీటీల మీద తేదీ ఉండదు, తీగ మీద ఉన్న చోటే దాని తేదీ. తీగ తుప్పుపట్టి చీటీలు చిరుగుతుంటే తీయక తప్పదు. అప్పుడు కింది నుంచి పై వరకు పెన్సిల్‌తో చిన్నగా నంబరు వేస్తూ తీయండి.

పెట్టె మూత తెరవగానే ఫోటో తీయండి. ఒక్కో పొర తీసేముందు ఇంకో ఫోటో. పెట్టెకో నంబరు, కట్టకో నంబరు ఇవ్వండి. ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: "పెట్టె 1, కట్ట 4, ఎర్ర దారం, సుమారు ఇన్ని కాగితాలు, తెలుగు, పైన ఫలానా ఊరి పేరు ఉంది." ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. పెన్ను వాడకండి, స్టిక్కర్లు అంటించకండి, పాత కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయకండి.

అదే నోట్‌బుక్‌లో ఇంకో పని కూడా చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నా, మీ నానమ్మ గానీ మేనత్త గానీ, ఫోటోలు చూపించి పేర్లు చెప్పించుకోండి. ఫోనులో రికార్డు చేసుకోండి. దుకాణంలో గుమాస్తా ఎవరు, దడవాయి ఎవరు, ఏ ఊళ్ళ రైతులు వచ్చి వసారాలో పడుకునేవాళ్ళు అని అడగండి. కాగితం మరో పదేళ్ళు ఆగుతుంది, ఆ మనుషులు ఆగరు. పేరు తెలియని ఫోటోలు ఏ ఆర్కైవ్స్‌లోనైనా కుప్పలుగా ఉంటాయి. వాటితో ఎవరూ ఏమీ చేయలేరు.

తేదీల గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు ఒక పుస్తకం మీద 1346 అని ఉందని, అది ఎన్నో వందల ఏళ్ళ నాటిదేమోనని రాశారు. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలు దాంట్లోనే నడిచేవి. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. అంటే మీ పుస్తకం 1936 అక్టోబరులో మొదలై 1937 అక్టోబరు దాకా నడిచింది. ఆ రోజుల్లో అక్కడ ఫసలీ సంవత్సరాది అక్టోబరు మొదటి వారంలో వచ్చేది. నెలల పేర్లు ఆజూర్, దయ్, బహమన్, ఇస్ఫందార్ అని మొదలై ఆబాన్‌తో ముగుస్తాయి. స్టాంపు కాగితాల మీద ఈ పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. తెలుగు పుస్తకాల్లో ప్రభవ, విభవ అని సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి, ఎందుకంటే అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది. ప్రభవ అంటే 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. కాగితం, సిరా, రూపాయల లెక్క చూసి తేల్చాలి. మార్వాడీ సేఠ్‌ల నుంచి వచ్చిన కాగితాల్లో విక్రమ సంవత్ ఉంటుంది, దాంట్లోంచి 57 తీసేస్తే సుమారుగా సరిపోతుంది.

రూపాయలంటే గుర్తొచ్చింది. 'హాలీ', 'కల్దారు' అని రెండు మాటలు కనిపిస్తాయి. హాలీ సిక్కా నిజాం రూపాయి, కల్దారు బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు. బొంబాయి లెక్క కల్దారులో, ఊరి లెక్క హాలీలో రాసుకునేవాళ్ళు, ఒకే పేజీలో రెండూ ఉండొచ్చు. పోలీసు చర్య తర్వాత కూడా కొన్నేళ్ళు హాలీ నడిచింది, 1959లో పూర్తిగా రద్దయింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. తూకాలు సేర్లలో, మణుగుల్లో, పల్లాల్లో ఉంటాయి. కొలతలు సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. ఈ లెక్కలన్నీ ఇప్పటి కిలోల్లోకి మార్చి పుస్తకం మార్జిన్లో రాయకండి. ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి, చదివేవాళ్ళు మార్చుకుంటారు.

ఉర్దూ కాగితాలు అన్నీ ఫర్మానాలు కావు. ఎక్కువ భాగం బైనామాలు, అంటే అమ్మకం పత్రాలు. రెహన్‌నామాలు, అంటే తాకట్టువి. ముక్తార్‌నామాలు, అంటే ఒకరి తరఫున పనిచేసే అధికారం ఇచ్చేవి. కిరాయినామాలు, అప్పు తాలూకు తమస్సుకులు. 1880ల్లో పారశీ పోయి ఉర్దూ రాజభాష అయింది కాబట్టి, అంతకు ముందువి పారశీలో ఉండొచ్చు. చేతిరాత షికస్తా, అంటే గొలుసుకట్టు రాత, అయితే ఇప్పుడు ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు కూడా చదవడానికి ఇబ్బంది పడతారు. హన్మకొండ, వరంగల్‌లో పాత దస్తావేజు లేఖరుల కుటుంబాల్లో, ఉర్దూ మీడియంలో చదివిన రిటైర్డు టీచర్లలో చదవగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ళతో ఒక్కో కాగితానికి ఒక్క వాక్యం చాలు, ఏమిటిది, ఏ ఊరు, ఏ ఏడు అని చెప్పించుకోండి. పూర్తి అనువాదం తర్వాత చూసుకోవచ్చు.

భూమికి సంబంధించినవి మాత్రం వేరు పెట్టండి. ఇది ఒక్కటే నేను చెప్పే మినహాయింపు. సేత్వార్ (సర్వే నాటి భూమి రికార్డు) నకలు, 1954-55 కాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) నకలు, జాగీరు, ఇనాములకు సంబంధించిన ముంతఖబ్ (హక్కు ఖరారు పత్రం), తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, శిస్తు రసీదులు, ఇవన్నీ ఇప్పటికీ కోర్టులో, తహసీల్ ఆఫీసులో పని చేసే కాగితాలు. వాటి ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకుని, ఏ కట్టలోంచి తీశారో ఆ చోట ఒక తెల్లకాగితం పెట్టి "ఇక్కడ ఉన్న బైనామా ఇంట్లో ఉంది" అని రాయండి. ఆర్కైవ్స్‌కు స్కాన్ ఇవ్వండి. పంపకాల్లో తగాదాలు ఉంటే, అందరి ముందు స్కాన్ చేసి అందరికీ ఒక కాపీ ఇవ్వడం మంచిది. ఆ కాగితాలు ఒకరి దగ్గరే ఉన్నాయన్న అనుమానంతోనే సగం పెట్టెలు మాయమవుతాయి.

రెండో పెట్టెలో ఉన్న కరపత్రాలను తక్కువగా చూడకండి. 1922లో ఇనుగుర్తి లాంటి పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపారు. 1935లో సిరిసిల్లలో నిజాం రాజ్యపు తెలుగువాళ్ళ ఆంధ్ర మహాసభ జరిగింది. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904 నుంచి ఉంది. ఇలాంటివాటి చందా రసీదులు, ఆహ్వానాలు, పత్రిక ప్రతులు ఎక్కువగా వ్యాపారుల ఇళ్ళలోనే దొరుకుతాయి, చందాలిచ్చింది వాళ్ళే కాబట్టి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం కరపత్రాలు కూడా అంతే, ఒక రోజు పంచి మర్నాడు పారేసినవి. పెళ్ళిపత్రికలు కూడా ఉంచండి. వాటి మీద ఇంటిపేర్లు, ఊళ్ళు, బంధుత్వాలు, ఏ ఏడు ఏ ప్రెస్సులో అచ్చయిందో అన్నీ ఉంటాయి.

ఇప్పుడు ల్యామినేషన్ సంగతి. మీ అన్నయ్యగారికి గట్టిగా చెప్పండి, వద్దని. ల్యామినేషన్ అంటే వేడితో ప్లాస్టిక్‌ను కాగితంలోకి కరిగించి అంటించడం. మళ్ళీ ఊడదీయడం దాదాపు కుదరదు. పాత కాగితంలో ఉన్న ఆమ్లం లోపలే ఉండిపోయి కాగితాన్ని తింటూనే ఉంటుంది, పైకి మాత్రం మెరుస్తూ బాగున్నట్టు కనిపిస్తుంది. చిరిగిన చోట సెల్లోటేపు అంటించడం కూడా అంతే నష్టం, దాని జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకై అక్షరాలను మింగేస్తుంది. చిరిగినవాటిని ఒక తెల్లకాగితం మడతలో అలాగే పెట్టి వదిలేయండి. అతికించే పని తెలిసినవాళ్ళు పల్చటి టిష్యూ, పిండి జిగురు వాడతారు. అది ఎప్పుడైనా తడిపి తీసేయొచ్చు.

మీరు ఒక చిత్రమైన సంగతి రాశారు, పాత పుస్తకాల కాగితం గట్టిగా ఉందని, 1940ల పుస్తకాలు మాత్రం ముట్టుకుంటే పొడి అవుతున్నాయని. అందులో వింత లేదు. పాత పుస్తకాలు చేత్తో చేసిన కాగితం అయి ఉండాలి. మన కోరుట్లలో అలాంటి నాటు కాగితం తయారయ్యేది, పట్వారీలు ఊరి లెక్కలు దాని మీదే రాసేవాళ్ళు. గుడ్డపేలికలు, నార లాంటి పొడుగాటి పోగులతో చేసింది కాబట్టి దానికి బలం ఎక్కువ. మిల్లు కాగితం కలప గుజ్జుతో, పటికలాంటి ఆమ్లగుణం ఉన్న పూతతో వచ్చేది. యుద్ధం రోజుల్లో కొరత వల్ల నాసిరకం కాగితం వాడారు. అది గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. కాబట్టి స్కాన్ చేయడం మొదలుపెడితే ముందు 1940లవి చేయండి, ఇంకా పాతవి ఆగుతాయి.

సిరా కూడా చూడండి. దీపపు మసితో చేసిన నల్ల సిరా వెలిసిపోదు గానీ తడి తగిలితే కరుగుతుంది. ఇనుము కలిసిన నీలినలుపు సిరా కాలం గడిచేకొద్దీ గోధుమరంగై, కొన్నిచోట్ల అక్షరం ఉన్న చోటే కాగితానికి రంధ్రం పెడుతుంది. ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి చెమట చేత్తో ముట్టుకున్నా పాకుతాయి. అందుకే చేతులు కడుక్కుని, బాగా ఆరాక, పొడి చేతులతో పట్టుకుంటే చాలు. టీ గ్లాసు ఆ గదిలోకే రానివ్వకండి.

చెదలు, పురుగు ఉంటే ఎండలో పెట్టకండి. ఎండకు సిరా పోతుంది, కాగితం మరింత ఎండి విరుగుతుంది. కాగితాల మీద పురుగుమందు కొట్టకండి. నాఫ్తలీన్ గోళీలు పేజీల మధ్య పెట్టకండి. మెత్తటి పొడి బ్రష్‌తో, బయట వసారాలో, ముక్కుకు మాస్కు పెట్టుకుని దుమ్ము దులపండి. బతికున్న పురుగు కనిపిస్తే ఆ కట్టను రెండు పాలిథిన్ కవర్లలో గాలి చొరకుండా మూసి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీసిన తర్వాత ఒక రోజు కవరు విప్పకుండా అలాగే వదిలేయండి, చెమ్మ కాగితానికి పట్టకుండా. తడిగా ఉన్న కట్టలకు, ఫోటోలకు ఈ పద్ధతి వద్దు. గుండుసూదులు, తుప్పుపట్టిన క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీసి, నూలు దారంతో వదులుగా కట్టండి. ఉతికిన గంజి లేని నూలుగుడ్డలో చుట్టండి. మన పాత దఫ్తర్ల వాళ్ళు బస్తా కట్టిన పద్ధతి ఇదే. గుడ్డ గాలి ఆడనిస్తుంది, దుమ్ము ఆపుతుంది. ఫోటోలు కాగితాలతో కలిపి పెట్టకండి.

ఎక్కడ పెట్టాలి? నేలమీద వద్దు, వంటగది గోడకు వద్దు, బాత్రూం పక్క గోడకు వద్దు, అటక మీదికి మళ్ళీ ఎక్కించొద్దు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ఇళ్ళలో మొదట నానింది మంచాల కిందున్న పెట్టెలే. కనీసం నడుమెత్తులో, స్టీలు బీరువాలో, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. ఒకవేళ తడిస్తే రెండు రోజుల్లోపే బూజు మొదలవుతుంది. పేజీలు బలవంతంగా విడదీయకుండా నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎక్కువ ఉంటే కవర్లలో పెట్టి ఫ్రీజ్ చేసి తర్వాత కొంచెం కొంచెంగా ఆరబెట్టుకోవచ్చు. పురుగుకు తడి కట్టలను ఫ్రీజర్‌లో పెట్టొద్దన్నాను, ఇది వేరు. నీళ్ళలో నానిపోయినవాటికి బూజు కంటే ఫ్రీజరే మేలు.

స్కానింగ్‌కు ఖరీదైన మిషను అవసరం లేదు. కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట, ఫోను స్టాండుకు బిగించి, పేజీ పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి. ఖాళీ పేజీలు, అట్టలు కూడా తీయాలి, లేకపోతే తర్వాత ఎవరైనా మధ్యలో పేజీ పోయిందనుకుంటారు. ఫ్లాట్‌బెడ్ స్కానరైతే 300 డీపీఐ, ఫోటోలకు 600. వాట్సాప్‌లో పంపి దాచుకోకండి, అది బొమ్మను కుదించేస్తుంది. ఫైలు పేరులో పెట్టె, కట్ట, కాగితం నంబర్లు ఉండాలి. రెండు హార్డ్ డిస్కులు, అవి రెండు వేర్వేరు ఇళ్ళలో. స్కాన్ అయిపోయింది కదా అని ఒరిజినల్ పారేయకండి. కాగితం రకం, సిరా తేడా, తర్వాత కొట్టివేసి దిద్దిన అంకె, ఇవి బొమ్మలో సరిగా తెలియవు.

ఇప్పుడు ఎవరికి ఇవ్వాలన్న మాట. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ దస్త్రాల నుంచి నిజాం ప్రభుత్వ రికార్డుల దాకా అక్కడున్నాయి. సర్కారు కాగితాలతోపాటు ప్రైవేటు కుటుంబాల కాగితాలు తీసుకోవడం కూడా ఆర్కైవ్స్ పనిలో భాగమే. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో కూడా ప్రైవేటు పేపర్ల విభాగం ఉంది. కానీ మీ పెట్టెలు ఢిల్లీ పోవడం నాకు ఇష్టం లేదు. ఇవి చదవాల్సినవాళ్ళు, చదివితే ఊరి పేర్లు గుర్తుపట్టేవాళ్ళు ఇక్కడివాళ్ళే. కాకతీయ యూనివర్సిటీ చరిత్ర విభాగం వాళ్ళను ఒకసారి ఇంటికి పిలిచి చూపించండి. పరిశోధక విద్యార్థులకు ఇది చేతికందిన పంట, జాబితా రాయడంలో సాయపడొచ్చు. స్థానిక గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటే ముందు వాళ్ళ గది చూడండి. మూసిన బీరువా, కారని కప్పు, తాళంచెవి బాధ్యత తీసుకునే మనిషి, ఈ మూడు లేనిచోట ఎంత మంచి మనసున్నా ఇవ్వకండి.

పాత స్టాంపులు, నాణేలు కొనేవాళ్ళు కొందరు ఇలాంటి పెట్టెల వాసన పట్టి వస్తారు. స్టాంపు కాగితం పైభాగం, ముద్ర ఉన్నంతవరకు కత్తిరించి తీసుకుపోతారు, రాత ఉన్న ముక్క పడేస్తారు. ఎంత ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. అలాగే అమెరికాలో ఉన్న బంధువులు "మాకు రెండు పంపండి, ఫ్రేము కట్టించుకుంటాం" అంటారు. 75 ఏళ్ళు దాటి చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. వాళ్ళకు మంచి ప్రింటు తీసి పంపండి, ఫ్రేములో అదే బాగుంటుంది.

ఇచ్చేముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ ఖాతాల్లో బాకీ పడ్డవాళ్ళ పేర్లున్నాయి. వాళ్ళ మనవలు అదే ఊళ్ళో, బహుశా మీకు తెలిసినవాళ్ళే. ఎవరి తాత ఎంతకు భూమి తాకట్టు పెట్టాడో, ఎవరి పెళ్ళికి ఎంత అప్పు అయిందో ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టే హక్కు మనకు లేదు. చట్టం ఊరుకున్నా మనం ఊరుకోకూడదు. మీ తాతగారి గురించి కూడా మీకు నచ్చనివి కనిపించొచ్చు. వడ్డీ ఎక్కువ అనిపించొచ్చు, తూకంలో కోత కనిపించొచ్చు. ఆ పేజీలు చించకండి. ఇబ్బందిగా ఉంటే ఆ పుస్తకాలు ఇన్నేళ్ళు చూపించొద్దని షరతు రాయండి. ఆర్కైవ్స్‌కు అలాంటి షరతులు కొత్తేమీ కాదు.

ఉత్తరాలకు ఇంకో నియమం ఉంది. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ళది, అందులోని మాటల మీద కాపీరైటు మాత్రం రాసినవాళ్ళది. ఆ హక్కు రాసినవాళ్ళు పోయాక కూడా వారసులకు ఉంటుంది. చదవడానికి, భద్రపరచడానికి ఇది అడ్డు కాదు. పుస్తకంగా అచ్చు వేయాలనుకుంటే మాత్రం రాసినవాళ్ళ కుటుంబాన్ని అడగాలి.

చివరగా, ఎవరికి ఇచ్చినా నోటిమాట మీద ఇవ్వొద్దు. దానంగా ఇస్తున్నారా, మీ యాజమాన్యం ఉంచుకుని భద్రపరచడానికి మాత్రమే ఇస్తున్నారా అన్నది కాగితం మీద ఉండాలి. మీ నోట్‌బుక్‌లోని కట్టల జాబితాను దానికి జత చేసి, ప్రతి పేజీ మీద వాళ్ళ సంతకం, ముద్ర తీసుకోండి. కట్టలు కలిపేయకుండా మీరిచ్చిన వరసలోనే ఉంచాలని, మీ కుటుంబంవాళ్ళు వచ్చి చూసుకోవచ్చని, వాళ్ళు స్కాన్ చేస్తే ఒక ప్రతి మీకివ్వాలని, వాళ్ళకు అక్కర్లేదనుకున్నవి పారేయకుండా మీకే తిరిగివ్వాలని రాయించండి. ఈ ఆఖరి షరతును చాలామంది మర్చిపోతారు. ఇల్లు కూలగొట్టేలోపు ఇదంతా పూర్తికాదు. ఈ వారం పెట్టెలను కట్టలు కదలకుండా పొడి గదిలోకి మార్చి ఫోటోలు తీయండి చాలు. ఉర్దూ కాగితాల్లో మీకు అనుమానం ఉన్నవి, పేర్లున్న చోట ఒక చీటీ అడ్డం పెట్టి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. అవి ఏ రకం కాగితాలో నేను చూసి చెప్తాను.